చనిపోయినవారికీ హక్కులున్నాయి

బావి తవ్వడమంటే ఏమిటో మన అనంతపురం మెట్టసీమ వారికి వేరే చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ సమయానికి పడుతుందన్న నమ్మకం లేని చోట మన తాతలు గడ్డపారలతో రాయి పగలగొట్టుకుంటూ మనిషి లోతు తర్వాత మనిషి లోతు దిగి నీటి చెమ్మ వెతికారు. దప్పికగొన్న ప్రాణికి నీళ్లివ్వడం గొప్ప సదఖా అని మన పెద్దలు నేర్పారు. అలాంటి బావే శవాలను దాచే గొయ్యిగా మారితే ఆ నేల మీద బ్రతికేవారు ఏమని జవాబు చెప్పుకోవాలి?

ఇది ఊహ కాదు. 1948లో మన పొరుగునే ఉన్న హైదరాబాద్ సంస్థానంలో జరిగింది. 1800లోనే నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేయడం వల్ల అనంతపురం ఆ సంస్థానంలో భాగం కాలేదు. కాని రాయచూరు, గుల్బర్గా అప్పుడు అందులోనివే. బంధుత్వాలకు సరిహద్దులుండవు కదా!

ఆ రాచరికపు చివరి నెలల్లో ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి గ్రామస్తులను పట్టుకుని కాల్చి చంపారు. వారు కాపు కాసిన బురుజు నేటికీ నిలిచి ఉంది. నల్లగొండ ప్రాంతంలోని గుండ్రాంపల్లిలో చంపినవారిని బావిలో పడవేశారు. ఈ దౌర్జన్యాన్ని ఖండించిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. ఆయననూ అదే నెలలో హైదరాబాద్‌లో చంపారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. నిరంకుశ పాలన కూలింది. కాని రక్తపాతం ఆగలేదు. ఈసారి రజాకార్ల పాపానికి ఏ సంబంధమూ లేని ముస్లిం రైతులు, నేతపనివారు, ఆడవారు, పసిపిల్లలు బలయ్యారు. కేంద్ర ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలో పర్యటించారు. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని వారు అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికంటే ఎక్కువగా నష్టపోయాయి. శవాలతో నిండిన బావులను వారు కళ్లారా చూశారు. ఒక బావిలో పదకొండు శవాలు లెక్కించారు. అందులో ఒక తల్లి, ఆమె రొమ్మును అంటిపెట్టుకుని ఉన్న పసిబిడ్డ ఉన్నారు. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాలపాటు ప్రచురించలేదు. 2013లో ఎ.జి. నూరానీ దాన్ని తన పుస్తకంలో చేర్చారు.

ఇక్కడే మన పరీక్ష మొదలవుతుంది. ఒక ఇంట్లో బైరాన్‌పల్లిని మాత్రమే తలచుకుంటారు. ఇంకొక ఇంట్లో గుల్బర్గాను మాత్రమే తలచుకుంటారు. సగం సాక్ష్యం సాక్ష్యమవుతుందా? స్వయంగా తమకు, తమ తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం వైపే నిలబడి సాక్ష్యమివ్వాలని దివ్య ఖురాన్ విశ్వాసులను ఆదేశించింది. గుండ్రాంపల్లి బావిలోని మృతుని కోసం కన్నీరు రాని కంటికి, ఇంకొక బావిలోని ఆ పసిబిడ్డ కోసం న్యాయమడిగే అర్హత ఎక్కడిది?

“పాత గోతులు ఇప్పుడెందుకు తవ్వాలి?” అని కొందరు అడుగుతారు. అవసరం లేకుండా ఖబర్‌ను తెరవరాదన్న మాట నిజమే. కాని హత్యను దాచడానికి తీసిన గొయ్యి ఖబర్ కాదు. ఖబర్‌కు జనాజా ఉంటుంది, మృతుని కోసం దుఆ ఉంటుంది. ఉహద్ యుద్ధంలో అమరులైనవారిని ఇద్దరిద్దరిగా ఒకే గోతిలో ఖననం చేయవలసి వచ్చింది. అంత కష్టంలోనూ ఖురాన్ ఎవరికి ఎక్కువ వచ్చునో అడిగి తెలుసుకుని, దైవప్రవక్త (స) వారినే ముందుగా ఖబర్‌లో దించారు. అంటే ప్రతి ఒక్కరినీ మనిషిగా, పేరుతో గుర్తించారు. మరొకరితో కలిపి పూడ్చిన తన తండ్రిని హజ్రత్ జాబిర్ (రజి) ఆరు నెలల తర్వాత బయటకు తీసి వేరే ఖబర్‌లో ఉంచారు.

ఇది చనిపోయినవారి హక్కు మాత్రమే కాదు, బ్రతికున్నవారి హక్కు కూడా. భర్త బ్రతికున్నాడో లేదో తెలియని స్త్రీ ఇద్దత్ ఎప్పుడు పాటించాలి? ఆస్తి ఎలా పంచాలి? అప్పు ఎవరు తీర్చాలి? ఈ బాధ తెలిసే మన దేశపు ఉలమాలు మాలికీ మతాన్ని అనుసరించడానికి అంగీకరించారు. నాలుగేళ్లపాటు భర్త ఆచూకీ తెలియకపోతే భార్య నికాహ్ రద్దు కోరవచ్చని 1939 చట్టం చెప్పింది. చట్టం దారి చూపవచ్చు. కాని తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడే తల్లికి ఏ చట్టం శాంతినిస్తుంది?

అయితే గొయ్యి తెరవడమంటే పార పట్టుకుని పరుగెత్తడం కాదు. ఇందుకు ఇరాక్ ఒక హెచ్చరిక. 2003 ఏప్రిల్‌లో సద్దాం పాలన కూలిన కొద్ది వారాలకే హిల్లా దగ్గరి మహావీల్‌లో ప్రజలు యంత్రాలతో, చేతులతో గోతులు తవ్వారు. 1991 తిరుగుబాటు తర్వాత మాయమైన తమవారి కోసం ఏళ్లుగా ఎదురుచూసినవారిని ఎవరు తప్పుపట్టగలరు? కాని ఎముకలు కలిసిపోయాయి. వెయ్యి మందికి పైగా మృతులు గుర్తు తెలియకుండానే మళ్లీ మట్టిలో కలిశారు.

బోస్నియా ఓపిక పట్టింది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో 8 వేల మందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపి, నేరం బయటపడకుండా శవాలను యంత్రాలతో వేరే గోతులకు తరలించారు. అయినా ఎముకలను బంధువుల రక్తంతో పోల్చి దాదాపు 7 వేల మందిని గుర్తించగలిగారు. ఏటా జులై 11న అలా గుర్తించినవారికి పోటోచారిలో జనాజా నమాజు జరుగుతుంది. 2024 డిసెంబరు 8న అసద్ పాలన కూలిన సిరియా ముందు ఇప్పుడు ఇదే బాధ్యత ఉంది. అక్కడ మాయమైనవారు లక్షకు పైనే. వారి కోసం 2025 మేలో ఒక జాతీయ సంఘం ఏర్పడింది.

మరి మన సంగతి? 1948లో పదేళ్ల పిల్లవాడు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉన్నాడు. ఆ తరం వెళ్లిపోతే పేర్లు కూడా వెళ్లిపోతాయి. కాబట్టి ఈ శుక్రవారమే మీ ఇంట్లోని నానా, నానీల దగ్గర కూర్చోండి. ఎవరు పోయారు, ఏ ఊరు, ఏ బావి, ఎవరు ఆదుకున్నారు అని అడిగి రాసి పెట్టండి. ఆదుకున్నవారిని తప్పక రాయండి. ఒక చోట హిందూ నేతపనివారు తమ ప్రాణాలొడ్డి ముస్లిం నేతపనివారిని కాపాడారని సుందర్‌లాల్ బృందమే నమోదు చేసింది. ఆ మేలు మరచిన నివేదిక కూడా సగం సాక్ష్యమే అవుతుంది. ప్రభుత్వాలు నాటి కాగితాలన్నింటినీ బయటపెట్టాలి. ఆ బావుల దగ్గర, మతం చూడకుండా, మృతుల పేర్లతో రాళ్లు నిలబెట్టాలి.

మనం ప్రతీకారం కోరడం లేదు. పేరు కోరుతున్నాం, నిజం కోరుతున్నాం. మట్టి దాచినదంతా ఒకనాడు అల్లాహ్ సన్నిధిలో బయటపడక తప్పదు. ఆ రోజు మనం దాచినవారి వరుసలో కాక, సాక్ష్యం పలికినవారి వరుసలో నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.