పందెపుటెడ్ల ఇల్లు

ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క వ్యసనం ఉండటం లోకసహజం. ఆ మాటను ఇక్కడ నిందార్థంలో వాడుట లేదు. కొన్ని ఇండ్లలో తాత మొదలు మనుమని వరకు సంగీతమే లోకం. మరికొన్ని ఇండ్లలో చదరంగం. ఇంగ్లండులో గుర్రపు పందేలను తరతరాలుగా ఇంటిల్లిపాదీ అనుసరించే కుటుంబాలు కలవు. ఏ గుర్రం ఏ గుర్రానికి పుట్టినది, ఏ నేలపై బాగుగా పరుగెత్తును అన్నది వారికి భోజనవేళ ముచ్చట. మన తెలుగునాట గుర్రపు పందేలనగానే హైదరాబాదులోని మలక్‌పేట మైదానం తలపునకు వచ్చును. ఒకప్పుడు మద్రాసులోని గిండి కూడ మనవారికి చేరువగానే ఉండేది. అద్దంకి సీమ రైతు ఇంటికి ఆ రెండును దూరమే. అయినను ఇంటిల్లిపాదినీ ఒక్క త్రాట కట్టివేసే ఆ అభిమానం ఈ సీమలో లేకపోలేదు. అది గుర్రమును విడిచి ఎద్దును పట్టుకున్నది.

సంక్రాంతికి, తిరునాళ్లకు ఈ ప్రాంతంలో ఒంగోలు జాతి ఎడ్లకు బండలాగుడు పందేలు జరుగుట పాఠకులలో పలువురు ఎరిగినదే. ఎరుగని విద్యార్థుల కొరకు రెండు మాటలు. కాడి కట్టిన జతకు క్వింటాళ్ల బరువు గల రాతిబండను తగిలిస్తారు. నిర్ణీతమైన కాలంలో ఆ జత బండను ఎన్ని అడుగుల దూరం లాగినదో కొలిచి గెలుపు నిర్ణయిస్తారు. పాలపళ్ల కోడెలు, రెండుపళ్లవి, నాలుగుపళ్లవి, ఆరుపళ్లవి, ఆపైన పెద్ద ఎడ్లు అని పళ్లను బట్టి తరగతులు. జత బరిలోనికి వచ్చునప్పుడు మైకులో ఇంటి యజమాని పేరు, ఊరి పేరు చెప్పుదురు. ఇటీవల కొడుకుల పేర్లు, కూతుళ్ల పేర్లు, మనుమల పేర్లు కూడ కలిపి చెప్పించుకొనుట పరిపాటి అయినది. ఇది ఆడంబరమని కొందరు నవ్వుతారు. ఆ నవ్వు న్యాయం కాదు. ఆ జత నిజముగనే ఇంటివారందరి చేతిపని.

పందెం పట్టున అరగంటయైనను ఉండదు. దాని వెనుక ఏడాది పొడుగునా సాగే సాధన ఉన్నది. తెల్లవారుజామున ఉలవలు ఉడకబెట్టునది ఇల్లాలు. ఇది ప్రత్తి పండే నేల గనుక ప్రత్తిగింజలు నానబెట్టి రుబ్బి పెట్టుట ఇక్కడి పాత మర్యాద; ఆ రోటి పని కోడండ్రది. బడికి పోకముందు ఎడ్లను నీటికి తోలుకొనిపోయి కడిగి తెచ్చువాడు కుర్రవాడు. నడవలేని ముసలివాడు మంచం మీదనే ఉండి గిట్టల చప్పుడు విని, ఏ కాలు ఎత్తిపెట్టుచున్నదో చెప్పగలడు. మేత తగ్గినదని మొదట పసిగట్టునది చాలచోట్ల ఆడువారే. ఇంత చాకిరి చేసిన ఇల్లాలి పేరు మాత్రం మైకులో వినబడుట అరుదు. ఈ మాట నిర్వాహకుల చెవిని వేయవలసియున్నది.

ఆ ఇంటి భాష తెలుగు చెప్పువారికి మరొక పాఠం. దాపట ఎద్దు, వెలపట ఎద్దు అన్న మాటలను పాఠ్యపుస్తకంలో అర్థం చెప్పి నేర్పుటకు మనం ప్రయాసపడుదుము. ఆ ఇంటిలో అయిదేండ్ల బిడ్డకు అవి కుడియెడమల కన్న ముందు తెలియును. కాడికి ఎడమవైపున కట్టినది దాపట, కుడివైపున కట్టినది వెలపట. ఆ చోట్లు తారుమారైనచో జత సాగదని కూడ ఆ బిడ్డ ఎరుగును. మూపురం, గంగడోలు, ముకుతాడు, పలుపు, పట్టెడ, పగ్గం: వీటిలో ఒక్కదానికీ అతడు నిఘంటువు తిరుగవేయనక్కరలేదు. కోడెను కొనబోవునప్పుడు సుడులు చూచుట, పళ్లు చూచుట, నడిపించి చూచుట అని మూడు పరీక్షలు. వీటిలో సుడుల మీద నమ్మకం శాస్త్రానికి నిలువదు. పళ్లు, నడక మాత్రం అబద్ధం చెప్పవు.

సుడుల మాట వచ్చినది గనుక నలోపాఖ్యానాన్ని తలచుకొనక తప్పదు. అరణ్యపర్వంలో ఆ కథ నన్నయ తెనిగించిన భాగంలోనిది. ఆ పర్వశేషాన్ని పూరించిన ఎర్రాప్రగడ, అద్దంకిలో రాజ్యం చేసిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి గనుక, ఆ పర్వంతో ఈ ఊరికి చుట్టరికం ఉన్నది. బాహుకుని వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని రథానికి బక్కచిక్కిన గుర్రాలను ఏరి తెచ్చును. రాజు సందేహించగా, వాటి మేని సుడులను చూపి, ఇవే మనలను ఒక్క దినంలో విదర్భకు చేర్చగలవని చెప్పును. దారిలో రాజు ఉత్తరీయం జారిపడును. ఆపుమని అతడనేసరికే అది యోజనం వెనుక ఉన్నది. అప్పుడు ఋతుపర్ణుడు తన విద్య చూపును: దారిప్రక్క తాండ్రచెట్టును ఒక్క చూపు చూచి, ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని అని లెక్క చెప్పును. నలుడు దిగి లెక్కించి సరిచూచి ఆశ్చర్యపడును. అశ్వహృదయానికి బదులుగా అక్షహృదయం పుచ్చుకొనును. ఆ విద్య చేతికి వచ్చినంతనే కలి అతనిని విడిచిపోవును.

అక్షహృదయమనగా జూదపు మర్మమని మాత్రమే మనం పిల్లలకు చెప్పి ఊరకుందుము. కథలో అది మొదట లెక్కించు విద్యగా కనబడుచున్నది. గుర్రపు మనసు ఎరిగిన నలుడు లెక్క ఎరుగక రాజ్యం పోగొట్టుకొనెను. మన పందెపుటెడ్ల ఇంటి పరిస్థితి సరిగా ఇదే. ఎద్దు మనసు అక్కడ అందరికీ తెలియును. లెక్క ఎవరును వ్రాయలేదు.

లెక్క వ్రాసినవారు ఇతరులు. ఇంగ్లండులో 1791లో వెదర్బీ అనునతడు పందెపు గుర్రాల వంశావళిని అచ్చువేయించెను. నేడు లోకమందలి ఆ జాతి గుర్రాలన్నియు తండ్రి వరుసన తూర్పుదేశాలనుండి తెచ్చిన మూడు మగగుర్రాలకే చేరునని చెప్పగలుగుట ఆ పుస్తకపు చలవయే. గుర్రాల మాట అటుంచి మన ఎడ్ల సంగతే చూతము. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండినది. అందుచేత ఇక్కడి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరి అక్కడ ‘నెలోర్’ అయినవి. ఆ దేశపు పశుసంపదలో నేడు అధికభాగం ఆ రక్తమే. వారు 1938 నుండి జెబూ జాతుల వంశావళిని నమోదు చేయుచున్నారు. 1960 తరువాత ఒంగోలు సీమనుండి వెళ్లిన ఒక ఆబోతును అక్కడివారు నేటికిని ‘కరవది’ అన్న పేరుతోనే తలచుకొందురు. కరవది ఒంగోలు చెంతనున్న ఊరు. ఊరి పేరు సముద్రాలు దాటి ఒక వంశానికి మూలమై నిలిచినది. ఆ ఆబోతును ఈనిన ఆవు ఏ ఇంటిదో ఇక్కడి బడిపిల్లలకు చెప్పగల పుస్తకం మన చేత లేదు.

ఇప్పుడు ఈ మాట ఎత్తుటకు కారణం ఉన్నది. గుర్రం ఎప్పుడును రాజు సొత్తు. మనుమంచి భట్టు వంటి కవి తెలుగులో అశ్వశాస్త్రం వ్రాసినాడన్న అది రాచకొలువుల అవసరం. ఎద్దు రైతుది. అది పనిచేయుచున్నంత కాలం దానిని గూర్చిన విద్యను ఎవరును ప్రత్యేకించి కాపాడనక్కర లేకపోయెను. నల్లరేగడిని లోతుగా దున్నుటకు బలమైన జత కావలెను. కనుక బలమైన జత ఉండెను. ట్రాక్టరు వచ్చి ఆ అవసరాన్ని తీసివేసినది. నేడు అనేక గ్రామాలలో మేలుజాతి కోడెల జతను ఇంట కట్టుకొనుటకు మిగిలిన కారణం పందెం ఒక్కటే. లాం పరిశోధన స్థానం, చదలవాడ పశుక్షేత్రం వంటివి జాతిని కాపాడుటకు పాటుపడుచున్నవి, నిజమే. కాని ప్రభుత్వక్షేత్రం పశువును కాపాడగలదు గాని, మంచం మీది ముసలివాని చెవిని కాపాడలేదు. అది పందెం మీదనే ఆధారపడి ఉన్నది. పందెం చెడినచో అదియును పోవును.

చెడుటకు రెండు మార్గాలున్నవి. మొదటిది ముల్లుగర్ర. ఎద్దును ఇంటి బిడ్డ అనువారే చివరి నిమిషంలో పది అడుగుల కొరకు చెర్నాకోల ఝళిపించుట, తోక మెలిపెట్టుట చూచుచున్నాము. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించినది. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి సవరణలు చేసుకొనగా, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలను నిలబెట్టినది. ఆచారమను పేరు ఒక్కటే వాటిని నిలబెట్టలేదు. సవరణలతోను నియమాలతోను పశువు బాధ తగ్గినదన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం. సంపన్నుల వినోదమని మనం తేలికగా కొట్టివేయు గుర్రపు పందెంలో సైతం రౌతు ఎన్ని కొరడా దెబ్బలు వేయవచ్చునో సంఖ్య ఉన్నది. మించినవానికి శిక్ష ఉన్నది. అన్నదాత బరిలో ఆ పాటి లెక్క లేకుండుట మనకు గౌరవం కాదు. ముల్లుగర్ర బరిలో కనబడినచో ఆ జత దూరాన్ని కొలువరాదు. ఇంతకన్న కఠినమైన నియమం అవసరం లేదు. ఇంతకన్న మెత్తనిది పనికిరాదు.

రెండవది పందెం చుట్టు సాగే పందెం. తమిళనాడు 1974లో గుర్రపు పందేలను రద్దుచేస్తూ శాసనం చేయగా, ఆ వివాదం 1996లో సుప్రీంకోర్టులో తేలినది. గెలుపు గుర్రపు శక్తి మీద, శిక్షణ మీద, రౌతు నేర్పు మీద ప్రధానంగా ఆధారపడును గనుక అది నేర్పుతో కూడిన ఆటయని కోర్టు చెప్పినది. ఈ తీర్పును చూపి, ఎడ్లమీద డబ్బు కాయుట కూడ నేర్పేయని వాదించువారు తయారు కావచ్చును. నేర్పు ఉలవలు ఉడకబెట్టినవారిది. గట్టుమీద నిలిచి నోట్లు చేతులు మార్చుకొనువానికి ఏ ఎద్దు దాపటదో కూడ తెలియనక్కరలేదు. అతడు చేరిన కొలది ఇంటివారి మీద గెలిచి తీరవలెనన్న ఒత్తిడి పెరుగును. ముల్లుగర్ర పైకి లేచును. రెండు చెడుగులకును వేరు ఒక్కటే.

ఉపాధ్యాయులకు మా విన్నపం చిన్నది. ఈ ఇండ్ల పిల్లలు మీ తరగతిలో ఉన్నారు. ఎడ్ల పిచ్చిలో పడి చదువు చెడుచున్నదని వారిని గద్దించుట మాని, ఒక నోటుపుస్తకం చేతికిచ్చి చూడుడు. కోడె పుట్టిన తేది, తల్లి ఆవు పేరు, ఆబోతు ఏ ఊరిది, పళ్లు ఎప్పుడెప్పుడు వేసినది, నెలనెలకు మూపురం దగ్గర ఎత్తు, ఛాతీ చుట్టుకొలత, పెట్టిన మేత, వచ్చిన జబ్బు, చేసిన వైద్యం. ముసలివారు చెప్పు మాటలను చెప్పినట్లే వ్రాయించుడు. మంచి తెలుగుగా దిద్దవలదు. నలుగురు పిల్లలు నాలుగేండ్లు వ్రాసినచో, పశువైద్యుడు కూడ అడిగి చూచుకొనదగిన పుస్తకం అగును.

శింగరకొండ తిరునాళ్ల ఏటేటా ఫాల్గుణంలో వచ్చును. పందెం జరుగు ప్రతి ఊరిలోను ముందుగా కరపత్రాలు అచ్చువేయుదురు. వాటిలో దాతల పేర్లకు, బహుమతుల మొత్తాలకు, అతిథుల బిరుదులకు లోటుండదు. వచ్చే ఏడు ఆ కరపత్రంలో ప్రతి జత పేరు క్రింద మరొక చిన్న పంక్తికి చోటు చేయవలెనని నిర్వాహకులను కోరుచున్నాము: దాపట ఎద్దు తల్లి పేరు, వెలపట ఎద్దు తల్లి పేరు, అవి పుట్టిన ఊరు.