లేచిపోవాలన్నా నెల రోజుల నోటీసు

పెళ్లి ఆలస్యమవుతున్న అమ్మాయి చేత రుక్మిణీ కల్యాణం పారాయణ చేయించడం తెలుగిళ్లలో మామూలే. కథలో అసలు జరిగిందేమిటో చేయించే తల్లులు అంతగా పట్టించుకోరు. అన్న కుదిర్చిన సంబంధం ఇష్టం లేని పిల్ల, నమ్మకస్థుడైన బ్రాహ్మణుడి చేత ప్రియుడికి కబురంపి, ఎప్పుడు రావాలో, ఊరి బయట ఏ గుడి దగ్గర కాచుకోవాలో తానే చెప్పి రథమెక్కి వెళ్లిపోయింది. పకడ్బందీగా ప్లాన్ వేసుకుని లేచిపోయిన కథ అది. దేవుడి విషయంలో దాన్ని కల్యాణం అంటారు. పక్కింటి అమ్మాయి విషయానికొచ్చేసరికి గొంతు తగ్గించి 'లేచిపోయింది' అంటారు.

ఆ మాటకిప్పుడు మార్కెట్లో మర్యాద దక్కింది. వధూవరులు, పురోహితుడు, ఫొటోగ్రాఫర్, నలుగురైదుగురు స్నేహితులు, వెనకాల పాత రాజమందిరం, పొద్దున్నే నీటి మీద పొగమంచు. దీన్నే 'ఎలోప్‌మెంట్ వెడ్డింగ్' పేరుతో ప్యాకేజీగా అమ్ముతున్నారు. మన దేశంలో దానికి మొదట గుర్తొచ్చే ఊరు ఉదయ్‌పూర్. 16వ శతాబ్దంలో మహారాణా ఉదయ్ సింగ్ కట్టించిన ఈ నగరంలో, పిచోలా సరస్సు మధ్యనున్న జగ్ నివాస్ ఎప్పుడో హోటల్‌గా మారింది. పి.వి. సింధు పెళ్లి 2024 డిసెంబర్ 22న జరిగింది కూడా ఉదయ్‌పూర్‌లోనే. తెలుగు పంచాంగం ప్రకారం అది ధనుర్మాసం, ముహూర్తాలు పెట్టని కాలం. ఆటల క్యాలెండర్ ముందు పంచాంగం తగ్గింది.

జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురి దాకా ఈ ముచ్చట చేరకుండా ఉండదు. 1920లో పుట్టి, 2024లో టాటా స్టీల్‌లో కలిసిపోయిన టిన్‌ప్లేట్ కంపెనీ చుట్టూ పెరిగిన పేట ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు నగరానికి పనికొచ్చిన కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. బడిలో పక్క బెంచీ మీద బెంగాలీ, బిహారీ, ఒడియా, పంజాబీ, సంతాల్, హో పిల్లలు. ఇలాంటి చోట ప్రేమ సొంత కులం దగ్గరే ఆగాలంటే ఎలా ఆగుతుంది?

గోల్‌మురి తెలుగమ్మాయి, బెంగాలీ అబ్బాయి శీతాకాలంలో ఉదయ్‌పూర్ వెళ్లి పెళ్లి చేసుకుందామనుకున్నారనుకోండి. మొదటి చిక్కు తేదీతో. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా మన పురోహితుడు ధనుర్మాసం అంటాడు. బిహారీ పండితుడు ఖర్మాస్ అంటాడు. పేర్లు వేరైనా, వద్దనడంలో ఇద్దరూ ఒకటే. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే క్రిస్మస్, కొత్త సంవత్సరం సందడితో హోటల్ గదుల ధరలు కొండెక్కుతాయి. ముహూర్తం పట్టింపు ఉంటే నవంబర్ చివరి వారాల్లోనో, మాఘంలోనో చూసుకోవాలి.

చట్టంతో మాత్రం ఈ జంటకు పెద్ద పేచీ లేదు. ఇద్దరూ హిందువులే గనక 1955 నాటి హిందూ వివాహ చట్టం సరిపోతుంది. ముందస్తు నోటీసు అక్కర్లేదు. అయితే దండలు మార్చుకుని ఫొటోలు దిగితే చాలదు. ఆచారం ప్రకారం జరగాల్సిన తంతు జరగకపోతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నా అది పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తేల్చి చెప్పింది. కాబట్టి ఫొటోగ్రాఫర్‌కిచ్చే అడ్వాన్సు కంటే ముందు పురోహితుణ్ణి మాట్లాడుకోవడం మేలు.

ఆ అబ్బాయి ముస్లిమో, క్రైస్తవుడో అయితే కథ మారిపోతుంది. హో తెగవాడైనా అంతే. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. విచిత్రమేమిటంటే, పెద్దల అనుమతి లేకుండా ఇద్దరూ ఇష్టపడి చేసుకునే పెళ్లికి సింగ్‌భూమ్ హోల ఆచారంలో 'రాజీ-ఖుషీ' అని పేరే ఉంది. లేచిపోవడానికి అంత అందమైన పేరు తెలుగులో లేదు. కానీ తెలుగమ్మాయికి ఆ ఆచారం వర్తించదు, ఆ అబ్బాయికి ఈ చట్టం వర్తించదు. మిగిలింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం.

రహస్యంగా పెళ్లి చేసుకోవాలనుకునే వాళ్లు ముందుగా చదవాల్సింది ఈ చట్టంలోని 5, 6 సెక్షన్లే. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోనే నోటీసు ఇవ్వాలి. దాన్ని వివాహ అధికారి తన కార్యాలయంలో అందరికీ కనిపించేలా అతికిస్తారు. మరో 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ తర్వాతే ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు. సాక్చిలోని కార్యాలయంలో ఇద్దరి పేర్లూ గోడకెక్కితే, పక్కనే ఉన్న గోల్‌మురికి ఆ వార్త చేరడానికి నెల అక్కర్లేదు.

అలాగైతే ఉదయ్‌పూర్‌లోనే నెల రోజులు గది అద్దెకు తీసుకుని అక్కడే నోటీసు ఇస్తే? శాసనకర్తలు ఆ దారి కూడా ముందే ఊహించారు. నోటీసు ఇచ్చినవారి శాశ్వత నివాసం మరో జిల్లాలో ఉంటే, నకలు ఆ జిల్లా అధికారికి పంపాలి. ఆయన దాన్ని తన కార్యాలయంలోనూ అతికించాలి. అంటే పిచోలా ఒడ్డు నుంచి బయల్దేరిన కాగితం తిరిగి తిరిగి సాక్చి గోడ మీదే వాలుతుంది. విదేశాలకు పోయినా అంత తేలికేమీ కాదు. అక్కడి భారత వివాహ అధికారి ముందు పెళ్లాడాలంటే 1969 నాటి విదేశీ వివాహాల చట్టం కూడా 30 రోజుల నివాసం, నోటీసు అడుగుతుంది. పారిస్‌లో ఫ్రెంచి చట్టం ప్రకారం చేసుకోవాలన్నా ఒకరికి నెల నివాసం ఉండాల్సిందే.

పెద్దలు ఒప్పుకున్న జంటకు ఈ నెల రోజులు ఉత్త చిరాకు. ఒప్పుకోని జంటకు ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో కాదన్న ఒక జంట 2018 జనవరిలో హైదరాబాద్‌లోని ఆర్యసమాజ్‌లో పెళ్లి చేసుకుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లి వస్తుండగా ఆ యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. నల్గొండ కోర్టు తీర్పు వచ్చేసరికి 2025 మార్చి అయింది. మేజర్లు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే పోలీసులు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. పరువు హత్యలను ఆపడానికి జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టాలని 2018 మార్చిలో ఆదేశించింది. మిర్యాలగూడ హత్య జరిగింది ఆ ఆదేశాలొచ్చిన ఆరు నెలలకే.

వేధింపుల ఫిర్యాదులతో కేరళ 2020లో ఈ నోటీసులను వెబ్‌సైట్‌లో పెట్టడం మానేసింది. మరుసటి జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. జంట లిఖితపూర్వకంగా కోరితే తప్ప నోటీసును ప్రచురించకూడదని, అభ్యంతరాలు కూడా తీసుకోకూడదని చెప్పింది. అది ఉత్తరప్రదేశ్ అధికారులు పాటించాల్సిన తీర్పు. గోడకెక్కకుండా పెళ్లి చేసుకోవాలనుకునే గోల్‌మురి జంటకు ఉదయ్‌పూర్ సరస్సు కంటే కాశీ గంగ ఒడ్డు నయమనిపించేది ఇందుకే. పురాతన నగరం, జనవరి పొగమంచు, పొద్దున్నే పడవలు అక్కడా ఉన్నాయి. టాటానగర్‌లో పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒకప్పటి మొఘల్‌సరాయ్‌లో దిగితే కాశీ పక్కనే. తెలుగు పెళ్లిలో వరుడు గొడుగు పట్టుకుని కాశీకి బయల్దేరితే బావమరిది బతిమాలి వెనక్కి తెస్తాడు. ఈ వరుడి విషయంలో ఆ బావమరిదికి కబురు అందకపోవడమే క్షేమం.

30 రోజుల నివాసం నిబంధన మాత్రం అక్కడా తప్పదు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తే చాలని తెలుగు యాత్రికుల నమ్మకం. ఈ జంటలో ఒకరు ముప్పై చేయాలి. గది అద్దె రసీదులు కూడా జాగ్రత్తగా దాచుకోవాలి.