యంత్రం ఎవరి రాతలు చదివింది?

2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ ఇవాళ పొన్నూరు విద్యార్థుల ఫోన్లలోనూ ఉంది. అడిగితే అర్జీ రాస్తుంది, జీవో సారాంశం చెబుతుంది, ఇంగ్లిషు పాఠాన్ని తెలుగులో వివరిస్తుంది. ట్యూషన్‌కూ ప్లీడరుకూ డబ్బుల్లేని మన వాడలకు ఇది చిన్న సాయం కాదు.

అయితే ఈ ఉత్పాదక కృత్రిమ మేధకు నిజానిజాలు తెలియవు. కోట్లాది రాతల్లో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నేర్చుకుని కొత్త వాక్యాలు అల్లుతుంది. ఆ రాతల్లో కులం ఉంటే జవాబులోనూ ఉంటుంది. 2025లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక జీపీటీ-5కు 105 వాక్యాలిచ్చి, ఖాళీల్లో ‘దళిత’, ‘బ్రాహ్మణ’ మాటల్లో ఒకటి పెట్టమంది. 80 చోట్ల అది కులం నేర్పిన జవాబే ఇచ్చింది. తెలివైనవాడు బ్రాహ్మణుడు, మురుగు తీసేవాడు దళితుడు: ఇదీ వరస.

పొన్నూరుకు దగ్గర్లోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఊచకోతను ‘ఘర్షణ’ అనే రాతలే యంత్రం ఎక్కువగా చదివి ఉంటే, రేపు మన పిల్లలకూ అదే చెబుతుంది.

కాబట్టి వాడుకుందాం, గుడ్డిగా నమ్మొద్దు. అట్రాసిటీ ఫిర్యాదు రాయించుకుంటే సెక్షన్లను చట్టం పుస్తకంతో సరిచూద్దాం. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ కావాలని అది రాస్తే, అక్కర్లేదని 2018 సవరణతో వచ్చిన 18ఏ సెక్షన్ చూపిద్దాం. బాధితుల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో పెట్టొద్దు. మన పెద్దలు చెప్పే చరిత్రను మన తెలుగులో మనమే రాసి పెడదాం. రాయనిది ఏ యంత్రమూ చదవదు.