నోరు కట్టుకున్న తరువాత

ఉపవాసం మనకు కొత్త కాదు. కాని బరువు తగ్గడానికి నెలల తరబడి నోరు కట్టుకోవడం వేరే సంగతి. అలా తగ్గిన బరువు నిలుస్తుందా?

బ్రిటన్‌లో 2014లో మొదలైన 'డైరెక్ట్' పరిశోధనలో, షుగరు వ్యాధి గల స్థూలకాయులకు మామూలు భోజనం మాన్పించి, మూడు నుండి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల సూపులు, పానీయాలు మాత్రమే ఇచ్చారు. సంవత్సరానికి సగటున 10 కిలోలు తగ్గారు. దాదాపు సగం మందికి మాత్రలు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. ఎంత మేలు! అయితే రెండేళ్లకు ఆ తగ్గుదల 7.6 కిలోలకు వచ్చింది. ఆ పైన కూడా సలహా సహాయాలు పొందినవారిలో ఐదేళ్లకు నిలిచింది సుమారు 6 కిలోలే.

మళ్లీ లావెక్కిన ఇల్లాలిని “నోరు కట్టుకోలేకపోయావు” అని దెప్పేవారున్నారు. అది న్యాయం కాదు. ఆస్ట్రేలియాలో ఇంతకన్నా తక్కువ ఆహారంతో పది వారాలు గడిపినవారిని పరీక్షిస్తే, సంవత్సరం తరువాత కూడా ఆకలిని నడిపే హార్మోన్లు పాత స్థితికి రాలేదని 2011లో వెల్లడైంది. శరీరమే తిండి కోసం పోరుపెడుతుంటే ఆమె ఏం చేస్తుంది?

ఇంకొక మాట. ఆ బ్రిటన్ వారికి షుగరు, బి.పి. మాత్రలను మొదటి రోజే ఆపించారు. మన ఇళ్లలో కొందరు డాక్టరుకు చెప్పకుండా, మాత్ర వేసుకుంటూనే పస్తులుంటున్నారు. అలాంటివారికి చెమటలు పట్టి కళ్లు తిరిగితే, స్పృహ ఉన్నప్పుడే పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.