సెంటు కొనేముందు

రిటైరైనాక పల్లెలో రెండు సెంట్లు కొనుక్కోవాలని మన లైన్లో ప్రతి ఇంట్లో ఆశే. తిరుత్తణి చుట్టుపక్కల పొలాల్లో రాళ్లు నాటి ప్లాట్లంటున్నారు. రైలుంది, కొండమీద స్వామి ఉన్నాడు, ఇంకేం కావాలంటాడు బ్రోకరు.

నేనూ అట్లే పడిపోయినా. పీఎఫ్ డబ్బులోంచి అడ్వాన్సు ఇచ్చినాక తెలిసింది, అది చెరువు పొరంబోకని. ఎండాకాలంలో చూపించినాడు మరి! వానల్లో పోయుంటే నీళ్లే చెప్పేవి. అడ్వాన్సు ఇంతవరకూ రాలేదు.

అందుకే అన్నలారా, అక్కలారా, పట్టా అమ్మేవాడి పేరుమీదే ఉందా చూడండి. ముప్పై ఏళ్ల విల్లంగం, అదే ఈసీ, తీయించండి. లేఅవుట్‌కి డీటీసీపీ అనుమతి అడగండి. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను 2016లో హైకోర్టు ఆపింది. ఆ ఏడు అక్టోబరు 20కి ముందు రిజిస్టరైన వాటికే క్రమబద్ధీకరణ అవకాశం ఇచ్చినారు. 'తర్వాత చేయిస్తాం' అంటే నమ్మొద్దు. గ్రౌండు లెక్క చెప్తే 2400 చదరపు అడుగులు, అంటే అయిదున్నర సెంట్లు.

ఇంకొకటి. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. తాతల పెట్టెలో తెలుగు దస్తావేజు ఉంటే చిత్తుకాగితమని పొయ్యిలో వేయకండి. మా మేనత్త ఇంటి హద్దు తగువు అట్లాంటి కాగితంతోనే తెగింది.