ఏమో అనే హక్కు ఎవరిది?

మిరప నారు పోసిన రైతును అడగండి, ఈ ఏడు కాపెట్లా ఉంటదని. ‘ఏమోనండీ’ అంటాడు. వాన అతని చేతిలో లేదు, పెట్టుబడి మాత్రం అతనిదే. గుంటూరు, ప్రకాశం నేలల్లో ఆ మాట అనే హక్కు అతనొక్కడికే ఉంది. తక్కినవాళ్లంతా దాన్ని దొంగిలించారు.

పత్తి విత్తనం మొలవలేదేమయ్యా అంటే దుకాణదారుకు ‘నేల తేడా ఏమో’. కాయలో పురుగేమిటంటే కంపెనీ మనిషికి ‘వాతావరణం కాబోలు’. యార్డుకు మిర్చి టిక్కీలు దింపాక రేటెందుకు పడిందంటే కమీషన్ కొట్టులో ‘ఎగుమతుల్లేవేమో’. పరిహారం ఎప్పుడంటే ఆఫీసులో ‘చూద్దాం’. మరి అప్పు పత్రంలో ‘ఏమో’ ఉందా? వడ్డీ ‘బహుశా’ పెరుగుతుందా? దున్నకముందే కట్టాల్సిన కౌలుకు ‘చూద్దాం’ చెల్లుతుందా? రైతు ఇవ్వాల్సినవన్నీ ఖాయం. రైతుకు రావాల్సినవన్నీ ఏమో!

2021లో నల్ల తామర పురుగు మిరప పూతను నాకేసింది. కొత్త పురుగు, మాకేం తెలుసన్నారు. సిగ్గుండాలి! అదే పురుగు 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద దొరికింది. ఆరేళ్లు! ఆ ఆరేళ్లలో పసిఫిక్ దాటొచ్చు, పక్క రాష్ట్రపు కబురు మాత్రం ఇక్కడి చేనుకు చేరలేదు. ఏ మందు పనిచేస్తుందో తెలియకుండానే డబ్బా మీద డబ్బా అమ్మారే, అప్పుడు ఒక్కడి నోటా ‘ఏమో’ రాలేదెందుకు? అమ్మేటప్పుడు గ్యారంటీ, అడిగేటప్పుడు సందేహం. ఇది తెలియకపోవడం కాదు, మోసం.

ఇక కౌలురైతు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం అతనికి సాగు హక్కు కార్డిస్తానంది, భూమి యజమాని సంతకం తెస్తేనే. ఆ యజమాని పెడతాడా? ఏమో! చట్టంలోకే ఎక్కించారు ఈ మాటను.

మీరు నొచ్చుకుంటున్నారు కదూ, ఇది చదువుతున్న పట్నం పెద్దలూ? మీ ఊళ్లో పొలం ఉంది. సాగు చేసేది వేరొకరు. సంతకం అడిగితే మీరేమన్నారు? ‘చూద్దాంలే’ అన్నారు. పొలం పోతుందన్న భయం మీది, నష్టం అతనిది. పంట పోయిన ఏడు పరిహారం ఎవరి ఖాతాలో పడిందో మీకు తెలుసు. దానికి ‘ఏమో’ అనకండి.

నా మీద కోపం తెచ్చుకోండి, అభ్యంతరం లేదు. రైతులకు మాత్రం ఒకటి చెబుతున్నా: విత్తనం కొట్లో బిల్లు తీసుకోండి. మొలకెత్తకపోతే ఎవరు కడతారో ఆ బిల్లు వెనక రాసి సంతకం పెట్టమనండి. ఎంతమంది పెడతారో నేనూ చూస్తాను.