పెరటిలో కూర్చునే చోటు

మన ఇళ్ళలో పెరడంటే కరివేపాకు, మల్లె, నిమ్మ, అరటి. గోడదాకా మొక్కలు నాటుతాం గాని మనిషి కూర్చునే చోటు ఉంచము. మోకాళ్ళ నొప్పులున్న అవ్వ సాయంకాలం ఎక్కడ కూర్చోవాలి? ఎండకు పెళుసుబారిన ప్లాస్టిక్ కుర్చీని ఆమె నమ్మదు. లోపల మంచం మీదే ఉండిపోతుంది.

మన నంద్యాల జిల్లాలో రాతికి కొరత లేదు. బేతంచెర్ల బండలు ఉన్నవి. ఆళ్ళగడ్డ శిల్పులు రాతి చెక్కడానికి పేరుపొందినవారే, అయినా పెరటికి శిల్పం అక్కరలేదు. నునుపైన బండ ఒకటి, ఇటుక దిమ్మెలు రెండు చాలు. పొడవు 4 అడుగులు, ఎత్తు అడుగున్నర. అంతకంటె తగ్గిస్తే ముసలివారికి లేవడం కష్టం. బండ పలుచనిదైతే నడుమ మూడో దిమ్మె కట్టించండి.

అసలు జాగ్రత్త పునాది విషయంలో. మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విడుస్తుంది. పైపైన కట్టిన దిమ్మె ఒరిగిపోతుంది. అవ్వ కూర్చునే బండ కదలకూడదు. 2 అడుగులు తవ్వి, గరుసు పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి కట్టండి.

ఇంటికి తూర్పువైపు అయితే మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ పడుతుంది. పడమట వేస్తే బండ కాగి, ప్రొద్దుగుంకినా కూర్చోనివ్వదు. ముందు 3 అడుగులు ఖాళీ వదలండి, గులాబీ ముళ్ళు చీరకు తగలకూడదు గదా! ఎదురుగా మరో బండ ఉంటే మరీ మంచిది. జెకర్యా గ్రంథము 3వ అధ్యాయము చివర పొరుగువారిని పిలుచుకొనేది చెట్ల క్రిందికే. చోటు చాలకపోతే అరటి పిలకలు తీసివేయండి. అవి మరోచోట బ్రతుకుతాయి.